పోటీలు ఐదు రోజులు, చలికాలం నాలుగు నెలలు

(శీతాకాల పర్యాటకం, క్రీడలపై విశాఖపట్నంలో చేసిన ఒక ప్రసంగానికి అక్షర రూపం)

సభకు నమస్కారం.

2024 జనవరిలో కశ్మీర్‌లోని గుల్మార్గ్ నుంచి వచ్చిన ఫొటోలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఏటా ఆ నెలలో మోకాళ్ల లోతు మంచు పరుచుకునే మైదానం ఎండుగడ్డితో బోసిపోయి కనిపించింది. కశ్మీరీలు 'చిల్లై కలాన్' అని పిలిచే నలభై రోజుల గడ్డు చలి డిసెంబర్ 21న మొదలై జనవరి నెలాఖరుతో ముగుస్తుంది. ఏడాదికి సరిపడే మంచు పేరుకోవాల్సింది ఆ రోజుల్లోనే. ఆ ఏడు అవి దాదాపు పొడిగానే గడిచిపోయాయి. హోటల్ బుకింగులు రద్దయ్యాయి. స్కీయింగ్, అంటే కాళ్లకు పొడవాటి పలకలు కట్టుకుని మంచు మీద జారడం, నేర్పేవాళ్లకు, స్లెడ్జిలు అనే మంచు బండ్లు లాగి బతికేవాళ్లకు పని లేకుండా పోయింది. ఆఖర్లో మంచు పడింది కాబట్టి ఫిబ్రవరి 21 నుంచి 25 వరకు జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు గట్టెక్కాయి. మరుసటి ఏడాది అలా కలిసిరాలేదు. 2025 ఫిబ్రవరి 22న మొదలు కావాల్సిన పోటీలు మంచు చాలక వాయిదా పడ్డాయి. చివరికి మార్చి 9 నుంచి 12 వరకు జరిపించారు.

ఇలాంటి మంచును నమ్ముకుని మన ప్రభుత్వాలు దాదాపు అరవై ఏళ్లుగా శీతాకాల వినోదాన్ని, క్రీడలను పెంచడానికి పాటుపడుతున్నాయి. ఆ ప్రయత్నాల్లో ఏవి నిలదొక్కుకున్నాయి, ఏవి అక్కరకు రాకుండా పోయాయి, ఎందువల్ల అన్నది ఈ సాయంత్రం మీ ముందు పెడతాను. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. చలికాలం మీద ప్రభుత్వం పెట్టిన డబ్బు సద్వినియోగమైందా లేదా తేల్చడానికి ఎంతమంది పర్యాటకులు వచ్చారన్న లెక్క ఒక్కటే చాలదు. ఆ కొండ ఊళ్ల పిల్లల్లో ఎంతమంది ఆ చలికాలంలో కాళ్లకు స్కీలు కట్టుకున్నారో, ఎంతమంది స్కేట్లు తొడుక్కున్నారో అడగాలి. ఈ ప్రశ్నకు జవాబు ఉన్న చోట మిగతావన్నీ నిలబడ్డాయి. జవాబు లేని చోట కట్టడాలు మిగిలాయి.

గుల్మార్గ్‌తోనే మొదలుపెడదాం, ఎందుకంటే కథ మొదలైంది అక్కడే. బ్రిటిష్ అధికారులు 1927లో అక్కడ స్కీ క్లబ్ ఆఫ్ ఇండియాను స్థాపించారు. క్రిస్మస్‌కూ ఈస్టర్‌కూ దొరలు కలిసి మంచులో జారడం, తిరిగి మైదానాలకు దిగిపోవడం, అంతటితో సరి. స్వాతంత్ర్యం వచ్చాక ముందుగా అడుగుపెట్టింది సైన్యం. 1948 డిసెంబర్‌లో జనరల్ తిమ్మయ్య చొరవతో అక్కడ సైనికుల కోసం స్కీ పాఠశాల మొదలైంది. నేటి హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్‌కు మూలం అదే. సరిహద్దు కాపలాకు మంచులో నడవడం రావాలి కాబట్టి సైన్యం నేర్చుకుంది. పౌరులకు నేర్పాలన్న ఆలోచన ఇంకో ఇరవై ఏళ్లకు గానీ రాలేదు.

1960లలో కేంద్ర పర్యాటక శాఖ ఆస్ట్రియా స్కీ వీరుడు రుడాల్ఫ్ మాట్‌ను పిలిపించింది. శీతాకాల క్రీడలకు మన దేశంలో అనువైన చోటు ఎంచి పెట్టమని కోరింది. ఆయన గుల్మార్గ్‌ను చూపించారు. 1968లో అక్కడ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ వెలిసింది. స్కీయింగ్ నేర్పే శిక్షకులను తయారు చేయడం దాని మొదటి పని. దీని మీద ఒక్క క్షణం ఆగుతాను. అప్పటి అధికారులు హోటల్ కంటే ముందు, తీగమార్గం కంటే ముందు, నేర్పే మనిషి కావాలని గుర్తించారు. అరవై ఏళ్ల ఈ ప్రయాణంలో ప్రభుత్వం తీసుకున్న అన్నింటికంటే తెలివైన నిర్ణయం అదేనని నా గట్టి నమ్మకం. ఆ సంస్థ ఇప్పటికీ పద్నాలుగు రోజుల కోర్సులు నడుపుతోంది. దేశం నలుమూలల నుంచి, మన ప్రాంతం నుంచి కూడా, యువతీయువకులు వెళ్లి నేర్చుకుని వస్తున్నారు.

ఇక గొండోలా, అంటే తీగకు వేలాడే గదుల్లో మనుషులను కొండ పైకి చేర్చే తీగమార్గం. ఫ్రాన్స్‌కు చెందిన పొమగాల్‌స్కీ సంస్థతో 1980ల చివర్లో ఒప్పందం కుదిరింది. పని మొదలైన కొద్దికాలానికే లోయలో తీవ్రవాదం ప్రబలింది, నిర్మాణం ఆగిపోయింది. మొదటి దశ 1998లో, రెండో దశ 2005లో ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న గుల్మార్గ్ నుంచి మొదటి దశ మిమ్మల్ని కోంగ్‌డూరి చేరుస్తుంది. రెండో దశ అఫర్‌వట్ పర్వతం భుజం దాకా, అంటే దాదాపు 3,950 మీటర్లకు తీసుకెళుతుంది. ప్రపంచంలో ఇంత ఎత్తుకు మనుషులను మోసే గొండోలాలు బహు తక్కువ. రెండో దశ వచ్చాకే గుల్మార్గ్ పేరు విదేశీ స్కీయర్ల నోళ్లలో పడింది. ఎవరూ తొక్కని మెత్తటి మంచు కోసం ఐరోపా నుంచి, ఆస్ట్రేలియా నుంచి, రష్యా నుంచి రావడం మొదలుపెట్టారు.

గొండోలాను నడిపే ప్రభుత్వ కార్పొరేషన్‌కు ఇప్పుడు ఏడాదికి వంద కోట్ల రూపాయల మేర ఆదాయం వస్తోంది. ఏటా లక్షల మంది ఎక్కుతున్నారు. అందులో అత్యధికులు మనలాంటివాళ్లే. అద్దె బూట్లు, అద్దె కోటు వేసుకుని పైకి వెళ్లి, మంచు చేత్తో పట్టుకుని, ఫొటో దిగి, కిందికి వచ్చేవాళ్లు. దాన్ని చిన్నచూపు చూడనవసరం లేదు. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి మొదటిసారి మంచు మీద కాలు పెట్టినప్పుడు కలిగే ఆనందం నిజమైన ఆనందం. కానీ ఆ ఆదాయంలో ఎంత భాగం కింద తంగ్‌మర్గ్‌లో, చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న పిల్లల స్కీలకు వెళుతోంది? అడగాల్సింది అది.

ఈ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి మిమ్మల్ని ఒక అద్దె దుకాణంలోకి తీసుకెళతాను.

స్కీ బూటు మన బూటులా ఉండదు. గట్టి ప్లాస్టిక్ గుల్ల, ముందు నాలుగు బకిల్స్, లోపల మెత్తటి తొడుగు. అది వేసుకుని నిటారుగా నిలబడలేరు. పిక్క ముందువైపు ఎముక బూటుకు ఆనేలా మోకాళ్లు కొంచెం వంచాల్సిందే. కాలు నొప్పి పుడుతోందని ఒక సైజు పెద్దది తీసుకుంటే మడమ లోపల ఆడుతుంది, అప్పుడు స్కీ మీ మాట వినదు. ఆ బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపును బైండింగ్ అంటారు. దాని మీద చిన్న మర, పక్కన అంకెల గీతలు ఉంటాయి. మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, అతనికి ఎంత వచ్చు అన్నవి చూసి ఆ మరను ఇంత అని తిప్పాలి. పడిపోయినప్పుడు బూటు స్కీ నుంచి ఊడి రావాలి. మర మరీ బిగిస్తే బూటు ఊడదు, పొడవాటి పలక కాలిని మెలితిప్పుతుంది, మోకాలి స్నాయువు తెగుతుంది. మరీ వదులు చేస్తే వాలు మధ్యలో స్కీ తనంతట తానే ఊడిపోతుంది. ఒక స్క్రూడ్రైవరు, రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల పని తెలిసిన మనిషి లేకపోతే కోట్లు పోసి తెచ్చిన పరికరాలు ఆసుపత్రికి దారి చూపిస్తాయి.

2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ అలాంటి దుకాణం నుంచే వచ్చాడు. అతని తండ్రికి గుల్మార్గ్‌లో స్కీ పరికరాల దుకాణం ఉంది. నాలుగేళ్ల వయసులోనే ఆరిఫ్ స్కీల మీద నిలబడ్డాడు. ఒకే ఒలింపిక్స్‌లో రెండు విభాగాలకు అర్హత సాధించిన తొలి భారతీయుడిగా బీజింగ్ వెళ్లి జెయింట్ స్లాలమ్‌లో, అంటే పాతిన జెండాల మధ్య మలుపులు తిరుగుతూ వాలు దిగే పోటీలో, 45వ స్థానంలో నిలిచాడు. ఒలింపిక్స్‌కు ముందు కేంద్ర క్రీడా శాఖ, ఒలింపిక్ క్రీడాకారులకు సాయపడే టాప్స్ పథకం కింద అతని శిక్షణకు సాయం చేసింది, అది మంచి పనే. అయితే ఆ సాయం అందడానికి ముందు పాతికేళ్ల పాటు అతన్ని మంచు మీద నిలబెట్టింది ఇంట్లో స్కీలు ఉండటం, ఇంటి ముందు వాలు ఉండటం. పక్కింటి పిల్లాడికి వాలు ఉంది, స్కీలు లేవు. ప్రభుత్వం పూరించాల్సిన ఖాళీ అదే.

శివ కేశవన్ కథ కూడా అలాంటిదే. మనాలి దగ్గరి వశిష్ఠ్ గ్రామం వాడు. ల్యూజ్ అనే ఆటలో, అంటే వెల్లకిలా పడుకుని మంచు కాలువలో గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో దూసుకుపోయే ఆటలో, 1998 నుంచి 2018 వరకు ఆరు ఒలింపిక్స్‌లో పోటీపడ్డాడు. ల్యూజ్ ట్రాక్ మన దేశంలో లేదు. స్లెడ్జికి చక్రాలు బిగించుకుని హిమాలయ రోడ్ల మీద, లారీల మధ్య సాధన చేశాడు. 2014లో సోచిలో మన ఒలింపిక్ సంఘం మీద నిషేధం ఉండటంతో అతను మూడు రంగుల జెండా లేకుండా, ఒలింపిక్ జెండా కింద పోటీపడాల్సి వచ్చింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. మనిషి తన వంతు అంతా చేశాడు, కాగితం మీద చేయాల్సినది చేయాల్సినవాళ్లు చేయలేదు.

ఖేలో ఇండియా శీతాకాల క్రీడల దగ్గరికి వద్దాం. 2020లో లద్దాఖ్‌లోని లేహ్‌లో, గుల్మార్గ్‌లో మొదటిసారి జరిగాయి. 2021లో గుల్మార్గ్ పోటీలను ప్రధానమంత్రి ఆన్‌లైన్‌లో ప్రారంభించారు. ఆ తరువాత 2023లో, 2024లో, 2025లో జరిగాయి. మంచు మీది ఆటలు గుల్మార్గ్‌కు, గడ్డకట్టిన నీటి మీది ఆటలు లేహ్‌కు పంచడం తెలివైన ఏర్పాటు. ఈ పోటీల వల్ల జరిగిన మేలును నేను తక్కువ చేయను. కొండల్లో పుట్టని పిల్లలకు కూడా దారి తెరుచుకుంది. తెలంగాణ స్కేటర్లు లేహ్‌లో స్వర్ణాలు గెలిచారంటే ఎలా సాధ్యమైంది? ఇక్కడ చక్రాల స్కేట్ల మీద నేర్చుకున్న ఒడుపు అక్కడ పనికొచ్చింది. ఒక వరుసలో నాలుగు చక్రాలుండే స్కేటుకూ మంచు మీది బ్లేడుకూ ఒంటి వాలు, మలుపులో కాలు మార్చే తీరు చాలావరకు ఒకటే. ఎండకు మాడే ఊళ్ల పిల్లలు మంచు మీద పతకాలు తేగలరని ఎవరైనా ముందే ఊహించారా?

కానీ పోటీలు జరిగేది ఐదు రోజులు. చలికాలం నాలుగు నెలలు. అధికారులు, కెమెరాలు, తోరణాలు అన్నీ ఆ ఐదు రోజుల చుట్టూనే తిరుగుతాయి. మిగతా నూట పదిహేను రోజులు అక్కడి పిల్లలు ఏం చేస్తున్నారన్నది ఏ నివేదికలోనూ ముఖ్యాంశం కాదు.

నాలుగు నెలలనూ వాడుకున్న చోటు ఒకటి ఉంది. లద్దాఖ్. అక్కడ చలికాలంలో బడులకు సెలవులు, పొలం పని ఉండదు, చెరువులు గడ్డకడతాయి. సైనికులు ఆడుతుంటే చూసి అక్కడి కుర్రాళ్లు ఐస్ హాకీ పట్టుకున్నారు. ఈ ఆట ఆడే మంచు మైదానాన్ని రింక్ అంటారు. అంటే యంత్రాలు, పైకప్పు ఉన్న భవనం అనుకునేరు. లేహ్‌లోని కర్జూ చెరువు దశాబ్దాల పాటు వాళ్ల మైదానం. చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ పొలాన్నే చదును చేసి రింక్ తయారు చేసుకుంటారు. చీకటి పడ్డాక, చలి సున్నాకు పది పదిహేను డిగ్రీలు దిగువకు జారాక, మన ఇళ్ల ముందు కళ్లాపి చల్లినట్టు నేల మీద పల్చగా నీళ్లు చల్లుతారు. ఆ పొర గట్టిపడే దాకా ఆగి మరో పొర చల్లుతారు. ఒకేసారి ఎక్కువ పోస్తే పైన గడ్డకట్టి లోపల నీరు మిగిలిపోతుంది, స్కేటు దిగబడుతుంది. రాత్రులకు రాత్రులు అలా పొర మీద పొర వేస్తే అద్దంలాంటి మంచు తయారవుతుంది. పొద్దున పగుళ్లు కనిపిస్తే వాటిలో తడి మంచు కూరి మళ్లీ నీళ్లు పోస్తారు. ఊరివాళ్ల చేతుల మీదుగా జరిగే పని ఇది.

ఆ చెరువుల మీద మొదట్లో అమ్మాయిలకు చోటు దొరికేది కాదు. అబ్బాయిలు ఆడుకున్నాక మిగిలిన సమయంలో, అన్నదమ్ముల స్కేట్లు అడిగి తీసుకుని నేర్చుకున్నారు. దాదాపుగా వాళ్లతోనే నిండిన భారత మహిళల జట్టు 2016లో తైవాన్‌లో మొదటి అంతర్జాతీయ పోటీ ఆడింది. 2017లో బ్యాంకాక్‌లో మొదటి గెలుపు రుచి చూసింది. 2025లో యూఏఈలో జరిగిన ఆసియా కప్‌లో కాంస్యం గెలిచింది. ఇప్పుడు లేహ్‌లో ప్రభుత్వం కట్టించిన కృత్రిమ రింక్ కూడా ఉంది. గమనించండి, ఇక్కడ రింక్ వచ్చేనాటికి ఆడేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. ప్రభుత్వం వాళ్ల వెనక నడిచింది. అందుకే అది ఖాళీగా పడిలేదు.

దీనికి ఎదురుగా దేహ్రాదూన్‌ను పెట్టి చూడండి. 2011 జనవరిలో మొదటి దక్షిణాసియా శీతాకాల క్రీడలు ఉత్తరాఖండ్‌లోని దేహ్రాదూన్‌లో, ఔలిలో జరిగాయి. వాటి కోసం దేహ్రాదూన్‌లో హిమాద్రి ఐస్ రింక్ కట్టారు. పైకప్పుతో, శీతలీకరణ యంత్రాలతో, అంతర్జాతీయ కొలతలతో కట్టిన రింక్ అది. ఆటలు అయిపోయాయి, తలుపులు మూతపడ్డాయి. కరెంటు ఖర్చు భరించేవాళ్లు లేరు, నేర్పేవాళ్లు లేరు. పదేళ్లకు పైగా అలాగే పడి ఉంది. మళ్లీ బాగుచేసి, 2025 ఆగస్టులో ఆసియా ఓపెన్ షార్ట్ ట్రాక్ స్కేటింగ్ పోటీలు అక్కడ నిర్వహించారు. ఎంతో సంతోషించాల్సిన విషయం. అయితే ఒక తరం పిల్లలు ఎదిగి పెద్దవాళ్లైపోయిన కాలం అది. ఆ పదేళ్లలో అక్కడ స్కేటింగ్ నేర్చుకోగలిగినవాళ్లను ఎవరు తిరిగి తెచ్చిస్తారు?

ఔలి సంగతి ఇంకా క్లిష్టమైనది. చమోలీ జిల్లాలో, జోషీమఠ్ పైన, నందాదేవి శిఖరం ఎదురుగా కనిపించే అందమైన వాలు. ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసుల శిక్షణ సంస్థ 1970ల నుంచి అక్కడ స్కీయింగ్ నేర్పుతోంది. జోషీమఠ్ నుంచి పైకి దాదాపు నాలుగు కిలోమీటర్ల రోప్‌వే వేశారు. 2011 ఆటల కోసం కృత్రిమ మంచు యంత్రాలు తెప్పించారు, వాటికి నీళ్ల కోసం పైన చెరువు తవ్వించారు. అదే ఔలిలో 2023 ఫిబ్రవరిలో జరగాల్సిన పోటీలు మంచు లేక రద్దయ్యాయి. ఆ యంత్రాలు చేసేది నీటిని సన్నటి తుంపరగా గాలిలోకి చిమ్మి గడ్డకట్టించడం. అందుకు గాలి చల్లగానూ పొడిగానూ ఉండాలి. ఉష్ణోగ్రత సున్నాకు దిగువన ఉండాలి. మంచు పడనంత వెచ్చగా ఉన్న రోజుల్లో మంచు యంత్రం కూడా సాయపడదు. అదే ఏడాది జనవరిలో జోషీమఠ్ ఇళ్ల గోడలు బీటలు వారాయి, ఊరు కుంగిపోవడం దేశమంతా చూసింది. రోప్‌వే ఆపేయాల్సి వచ్చింది. పైన వినోదం ఎంత పెంచాలన్నా కింద ఊరు నిలబడి ఉండాలి కదా. కొండ ఎంత బరువు మోయగలదో చూడకుండా హోటళ్లకు అనుమతులిచ్చే ప్రభుత్వం తన చేతులతో తానే ఆ వాలును మూసేస్తోంది.

ఫ్రాన్స్ ఈ దారిలో మనకంటే ముందు నడిచింది. 1964లో అక్కడి ప్రభుత్వం మంచు ప్రణాళిక ఒకటి తెచ్చింది. ఆల్ప్స్‌లో ఎత్తైన ఖాళీ వాలులను ఎంచుకుని అక్కడ కొత్తగా స్కీ పట్టణాలనే కట్టించింది. స్కీయింగ్ పెద్ద పరిశ్రమ అయింది. కొండల మీద ఎత్తైన కాంక్రీటు భవనాలూ లేచాయి. 1977లో అధ్యక్షుడు గిస్కార్ డెస్తాంగ్ ఇక ఈ తరహా నిర్మాణం చాలని, కొండను కాపాడుకోవాలని ప్రకటించారు. పదమూడేళ్లలోనే ప్రభుత్వం తన ఆలోచన మార్చుకుంది. చైనా 2022 ఒలింపిక్స్ సందర్భంగా 30 కోట్ల మందిని మంచు ఆటల్లోకి తేవాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ ఒలింపిక్స్ స్కీ పోటీలు దాదాపు పూర్తిగా కృత్రిమ మంచు మీదే జరిగాయి. అంత నీరు, అంత కరెంటు మనం పెట్టలేం. పెట్టకూడదు కూడా.

కొండ మీద ఏం కట్టాలన్నా ముందు కొండవాళ్లను అడగాలి. అందుకు హిమాచల్‌లోని కులు కథ చెప్పి తీరాలి. 2000 దశకం మధ్యలో మనాలి పైన హిమాలయన్ స్కీ విలేజ్ పేరుతో భారీ ప్రాజెక్టు ప్రతిపాదన వచ్చింది. హెన్రీ ఫోర్డ్ మునిమనుమడు ఆల్ఫ్రెడ్ ఫోర్డ్ దాని వెనక ఉన్నారు. రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం కుదుర్చుకుంది. కులు లోయలో ప్రతి ఊరికీ ఒక దేవత. ఆ దేవతలు పూనినప్పుడు పలికేవాళ్లను 'గూర్' అంటారు. మన దగ్గర సమ్మక్క గద్దెల దగ్గరో, బోనాల్లో రంగం నాడో చూసే పూనకం లాంటిదే. 2006 ఫిబ్రవరిలో నగ్గర్‌లో లోయలోని దేవతలందరినీ సమావేశపరిచి అడిగారు. దాన్ని 'జగతీ పూఛ్' అంటారు. దేవతలు ఆ ప్రాజెక్టు వద్దన్నారు. వాళ్ల పవిత్ర స్థలాలు, మేత బీళ్లు, నీటి వనరులు పోతాయని ఊళ్లు భయపడ్డాయి, ఆ భయం దేవతల నోట పలికింది. ఏళ్ల తరబడి లాగి చివరికి ప్రాజెక్టు ఆగిపోయింది. పెట్టుబడి పోయిందని కొందరు ఇప్పటికీ బాధపడతారు. నా వరకు నేను ఆ ఊళ్లవాళ్ల పక్షమే. వాళ్లకు మంచు ఇష్టం లేక కాదు. లోయ అంతా స్కీలు తొడిగే కుర్రాళ్లే. 2018 జనవరిలో టర్కీ పోటీల్లో భారత్‌కు తొలి అంతర్జాతీయ స్కీయింగ్ పతకం తెచ్చిన ఆంచల్ ఠాకుర్ ఆ మనాలి పక్కన ఉన్న బురువా గ్రామం అమ్మాయే. తమను అడగకుండా తమ కొండను మరొకరి చేతిలో పెట్టడం వాళ్లకు నచ్చలేదు.

2020 అక్టోబర్ 3న అటల్ సొరంగం ప్రారంభమయ్యాక లాహౌల్ లోయ చలికాలంలో కూడా తెరుచుకుంది. అంతకుముందు రోహ్తంగ్ కనుమ మూసుకుపోతే ఆ లోయవాళ్లు నెలల తరబడి బయటి ప్రపంచానికి దూరమయ్యేవారు. ఇప్పుడు వేల కార్లు వెళుతున్నాయి. అక్కడి సిస్సు పరిసరాల్లో పండుగ రోజులు వచ్చినప్పుడు కొన్ని వారాలు పర్యాటకులు రావద్దని పంచాయతీలే నిర్ణయించుకున్న సందర్భాలున్నాయి. 2025 జనవరి 13న కశ్మీర్‌లోని సోన్‌మర్గ్‌కు కూడా సొరంగం తెరుచుకుంది. రోడ్డు వేయడం ప్రభుత్వం వంతు. ఎప్పుడు, ఎంతమంది రావాలన్నది చెప్పే హక్కు ఆ ఊరికి ఉండాలి.

ఇక ప్రాణాల మాట. 2010 ఫిబ్రవరి 8న గుల్మార్గ్ పైన ఖిలన్‌మర్గ్‌లో మంచు చరియలు విరిగిపడి 17 మంది సైనికులు చనిపోయారు. మంచులో ఆరితేరినవాళ్లకే ఆ గతి పట్టింది. 2023 ఫిబ్రవరి 1న అఫర్‌వట్ వాలు మీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు బలయ్యారు. కొత్త మంచు పాత గట్టి పొర మీద పడి దానికి అతుక్కోకపోతే ఒక మనిషి బరువు చాలు, వాలు మొత్తం పలకలా జారిపోవడానికి. రక్షణ పరిశోధన సంస్థ కింద పనిచేసే శాస్త్రవేత్తలు ఈ ప్రమాదాన్ని ముందే అంచనా వేసి హెచ్చరికలు ఇస్తారు. మంచు చరియలను అధ్యయనం చేసే వాళ్ల విభాగం ఒకప్పుడు మనాలి కేంద్రంగా 'సాసే' పేరుతో ఉండేది, ఇప్పుడు అది డీజీఆర్‌ఈ అనే రక్షణ పరిశోధన విభాగంలో కలిసింది. ఏ తోరణం మీదా వాళ్ల పేర్లు ఉండవు. శీతాకాల వినోదం కోసం ప్రభుత్వం చేసే పనుల్లో దీన్ని మించినది లేదు. వాలు మీద గస్తీ తిరిగేవాళ్లకు జీతం సీజన్‌కు మాత్రమే కాకుండా ఏడాది పొడవునా ఇవ్వాలని నేను కోరుకుంటాను. గొండోలా విషయంలోనూ అంతే. 2017 జూన్ 25న ఈదురుగాలికి చెట్టు కూలి తీగ మీద పడి ఏడుగురు చనిపోయారు. తీగ కింద చెట్లను, స్తంభాలను, గాలివేగాన్ని చూసే మనిషి ఉద్యోగం అన్నిటికంటే ముందు భర్తీ కావాలి.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో జరిగిన ఘోరం గురించి చెప్పకుండా కశ్మీర్ పర్యాటకం గురించి మాట్లాడలేను. చనిపోయిన 26 మందిలో మన తెలుగువాళ్లున్నారు. మన విశాఖవాసి ఉన్నారు. ఆ తరువాత అక్కడ నలభైకి పైగా పర్యాటక స్థలాలు మూశారు. ఆ చనిపోయినవాళ్లలో పర్యాటకులను కాపాడబోయిన స్థానిక గుర్రపు మనిషి కూడా ఉన్నాడు. నాకు ఇక్కడ పెద్ద మాటలు చెప్పాలని లేదు. వెళ్లాలా వద్దా అన్నది ప్రతి కుటుంబం తానే నిర్ణయించుకోవాలి. వెళ్లినవాళ్లను క్షేమంగా తిరిగి పంపడం ప్రభుత్వం బాధ్యత. అది కాని నాడు మిగతా పథకాలకు అర్థం లేదు.

మళ్లీ మంచు దగ్గరికి వస్తాను. మధ్యధరా సముద్రం వైపు పుట్టి, ఇరాన్, అఫ్గానిస్థాన్ మీదుగా వచ్చే వాతావరణ వ్యవస్థలే పశ్చిమ హిమాలయాలకు మంచు మోసుకొస్తాయి. అవి ఆలస్యంగా వస్తే ఏం జరుగుతుందో రెండేళ్లు వరసగా చూశాం. సిమ్లాలో 1920 నుంచి నడుస్తున్న బహిరంగ స్కేటింగ్ రింక్ ఉంది. రాత్రి నీళ్లు చల్లితే చలికి గడ్డకట్టే రింక్. ఒకప్పటితో పోలిస్తే అక్కడ స్కేటింగ్ జరిగే రోజులు తగ్గిపోయాయి. ఇలాంటి కాలంలో కదలని కట్టడాల కంటే కదిలే మనుషుల మీద డబ్బు పెట్టడం మేలు. ఔలిలో మంచు పడకపోతే రోప్‌వే స్తంభాన్ని పైకి జరపలేం. శిక్షకుడు మాత్రం స్కీలు భుజాన వేసుకుని ఇంకా ఎత్తుకు వెళతాడు. మంచు అసలే లేని ఏడాది అదే మనిషి కొండ నడకలు నేర్పుతాడు, పిల్లలను వ్యాయామానికి తీసుకెళతాడు. అందుకని నేను కోరేది చాలా మామూలుది. కొండ జిల్లాల ప్రతి ప్రభుత్వ బడికీ ఒక గది నిండా స్కీలు, బూట్లు, స్కేట్లు ఇవ్వండి, గ్రంథాలయంలో పుస్తకాల్లా పిల్లలు తీసుకెళ్లి తిరిగి ఇచ్చేలా. ఆ బైండింగ్ మర తిప్పడం తెలిసిన మనిషిని ఒకరిని జీతం మీద పెట్టండి. గొండోలా ఆదాయంలో కొంత వాటా దానికి కేటాయించండి. పోటీలు ఆ తరువాత వాటంతటవే వస్తాయి.

(సభలో ఒకరు తమ అమ్మాయిని స్కీయింగ్‌కు పంపవచ్చా అని అడిగారు.)

తప్పకుండా పంపండి అమ్మా. గుల్మార్గ్ సంస్థలోనూ, మనాలిలోని అటల్ బిహారీ వాజ్‌పేయీ పర్వతారోహణ సంస్థలోనూ మొదటిసారి వెళ్లేవాళ్ల కోసం కోర్సులున్నాయి. ప్రైవేటుగా నేర్చుకునే దానికంటే చాలా తక్కువ ఖర్చు. సీజన్ మొదలయ్యే ముందే దరఖాస్తు చేయాలి, సీట్లు త్వరగా నిండిపోతాయి. వెళ్లే ముందు రెండు నెలలు రోజూ మెట్లు ఎక్కి దిగమనండి, గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలబడటం సాధన చేయించండి, తొడలకు బలం కావాలి. నూలు సాక్సులు వద్దు, ఉన్నివి కొనండి. నూలు తడిస్తే ఆరదు. బూటు ఇచ్చేటప్పుడు బైండింగ్‌ను తన బరువు చెప్పి సరిచేయించుకోమనండి, అడగడానికి మొహమాటపడవద్దని చెప్పండి. మొదటి రెండు రోజులు పడటమే నేర్పుతారు. మూడో రోజు స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టి ఆగడం నేర్పుతారు. అక్కడి నుంచి తానే వెళ్లిపోతుంది.